డెంగీ జ్వరము – రైతు ఇంటి నీటి తొట్టి

(మాదన్నపేట కూరగాయల మార్కెట్టుకు సరకు తెచ్చు రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పంటల సాగు గురించి చెప్పు ఉద్యోగములో ఉన్నవాడు జ్వరముల గురించి మాట్లాడుటకు వచ్చినాడేమి అని మీలో కొందరికి తోచవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను వైద్యుడను కాను. వరికి ఎన్ని తడులు కావలెను, టమాటాకు ఎరువు ఎప్పుడు వేయవలెను అని విద్యార్థులకు పాఠము చెప్పువాడను. అయితే డెంగీ జ్వరము సంగతి విచారించగా అది మందుల సంగతి కంటె ముందు నీటి సంగతి అని నాకు బోధపడినది. నీటిని నిలుపుట, పారించుట, ఆరబెట్టుట, ఈ మూడు పనులను రైతు కంటె బాగుగా ఎరిగినవారు ఎవరున్నారు? అందుచేత ఈ మాట మీతో చెప్పదగిన మాటయే అని వచ్చినాను. ఇది మొదటి కారణము. రెండవ కారణము మా ఇంటిలోనే జరిగినది. దానిని కూడ దాచక చెప్పెదను.

మనము కూడిన ఈ పేట, గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా వద్ద మంత్రిగా ఉండిన మాదన్న పేరు మీద వెలసినది. ఆ పేరునకు మూడు వందల ఏండ్లు దాటినవి. నేడు ఈ పేటకు చుట్టుపట్ల పల్లెల నుండి తెల్లవారక ముందే టమాటా, వంకాయ, బెండ, ఆకుకూరలు వచ్చుచున్నవి. మీరు సరకు దింపి, బేరములు ముగించి, ఖాళీ ట్రేలతో మీ ఊళ్లకు మరలిపోవుదురు. డెంగీ సంగతిలో ఈ రాకపోకలను బాగుగా జ్ఞాపకము ఉంచుకొనవలెను. ఏలయన, డెంగీని మోయు దోమ దూరము పోవునది కాదు. పుట్టిన చోటికి 100, 200 మీటర్ల లోపలనే అది తిరుగును. మహా అయిన 400 మీటర్లు పోవును. రోగమును ఊరి నుండి ఊరికి చేరవేయునది మనిషే. పట్నములో దోమ కుట్టినవానికి 4 నుండి 10 దినముల లోపల జ్వరము వచ్చును. అప్పటికి అతడు తన పల్లెలో, తన ఇంటి మంచము మీద ఉండును. అతని ఇంటి తొట్టిలో పుట్టిన దోమ అతనిని కుట్టి, 8 నుండి 12 దినములు గడచిన తరువాత ఇంటివారిని, ఇరుగుపొరుగువారిని కుట్టి రోగము అంటించును. పల్లెలో కుట్టించుకొని పట్నమునకు మోసుకొని వచ్చువారును ఇట్లే ఉందురు.

కావున, “డెంగీ పట్నపు రోగము, పల్లెకు రాదు” అను మాట ఇప్పుడు చెల్లదు. బస్సు, ఆటో, ట్రాలీ పోయిన ప్రతి ఊరికి అది పోగలదు. అయితే పోయినంత మాత్రమున అది అక్కడ నిలువదు. నిలుచుటకు దానికి ఒక తొట్టి కావలెను. ఆ తొట్టిని మనమే ఇచ్చుచున్నాము. నేడు నేను చెప్పవచ్చిన మాట అంతయు ఇంతే.

మా ఇంటిలో జరిగినది

మూడు సంవత్సరముల క్రిందట, వానాకాలపు వరినాట్లు ముగిసిన దినములలో, మా అన్నగారి కుమారునికి జ్వరము వచ్చినది. వానికి 14 ఏండ్లు. ఒళ్లు పెనము వలె కాలినది. కండ్ల వెనుక నొప్పి అన్నాడు. కీళ్లు విరిచినట్లున్నవన్నాడు. ఊరిలో సూదిమందు వేయువాడొకడు నొప్పి తగ్గుటకు సూది వేసినాడు. నాలుగవ నాడు జ్వరము దిగినది. ఇంటిల్లిపాది సంతోషించినారు. మా వదినె వానికి స్నానము చేయించినది. నేను పట్నము నుండి ఫోనులోనే, “ఇక భయము లేదు” అన్నాను. ఆ సాయంకాలమే వానికి కడుపునొప్పి, వాంతులు మొదలైనవి. తిన్నది అరగలేదనుకొన్నారు. మరునాటి ఉదయమునకు చేతులు, కాళ్లు చల్లబడినవి. మూత్రము రాలేదు. అప్పుడు బండి కట్టించుకొని పరుగెత్తినారు. పిల్లవాడు ఐదు దినములు ఆసుపత్రిలో ఉండి బ్రతికి బయటపడినాడు. ఇంకొక పూట ఆలస్యమైన ఏమయ్యెడిదో వైద్యుడు చెప్పినప్పుడు మా అన్నకు నోట మాట రాలేదు.

పిల్లవాడు ఇల్లు చేరిన తరువాత మా అన్న నన్ను పిలిచి, “ఏం తమ్మీ, పొలంకాడి దోమలే కుట్టినయంటవా? మడిలో మందు గొడదామా?” అని అడిగినాడు. నేను పొలమునకు పోలేదు. పశువుల కొట్టము ప్రక్కనున్న సిమెంటు తొట్టి వద్దకు పోయి తొంగి చూచినాను. త్రాగుటకు పనికివచ్చునంత తేట నీరు. ఆ నీటిలో సన్నని పురుగులు మెలికలు తిరుగుచు పైకి వచ్చుచున్నవి. నా నీడ పడగానే అడుగునకు దిగుచున్నవి.

ఆ తొట్టి కట్టించుమని సలహా చెప్పినవాడను నేనే. బోరు నడిచినప్పుడు నీరు నింపి ఉంచుకొన్నచో పశువులకును, మందు కలుపుకొనుటకును అక్కరకు వచ్చునని చెప్పినాను. దానికి మూత కావలెనని చెప్పలేదు. అడుగున తూము పెట్టుమని చెప్పలేదు. వారమునకు ఒకమారు ఆరబెట్టుమని చెప్పలేదు. నీటిని నిలుపుట నేర్పి, విడుచుట నేర్పనివాడు సగము వ్యవసాయమే నేర్పినవాడు. ఆ తప్పు నాది. అందువలననే నేడు మీ ముందు నిలుచున్నాను.

దోమలన్నియు ఒకటి కావు

మన రైతునకు దోమ అనగానే పైరు మీది దోమ తలపునకు వచ్చును. వరికి సుడిదోమ, ప్రత్తికి పచ్చదోమ, బెండకు తెల్లదోమ. ఒక్కొక్క దోమకు ఒక్కొక్క ఉపాయము ఉన్నదని మీకు తెలియును. సుడిదోమకు పాయలు తీయుదుము. తెల్లదోమకు పసుపుపచ్చ అట్టలు కట్టుదుము. మనుషులను కుట్టు దోమలలో కూడ ఇట్టి భేదములే ఉన్నవి. వానిని ఎరుగక అన్నిటికి ఒకే మందు కొట్టుట వృథా.

మొదటిది అనాఫిలిస్. ఇది మలేరియాను మోయును. ఈ సంగతి తేలినది మన ఊరిలోనే. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు సికింద్రాబాదులో, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమను కోసి చూచి, దాని కడుపు గోడలో మలేరియా క్రిములను కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆయన పని చేసిన కట్టడము బేగంపేటలో ఇప్పటికిని ఉన్నది. నల్లకుంటలోని ఫీవరాసుపత్రికి ఆయన పేరే పెట్టినారు. రోగము గాలిలో రాదు, దోమలో వచ్చునని లోకమునకు తెలిపిన నగరములో ఉండి మనము దోమను అలక్ష్యము చేయుట తగదు.

రెండవది క్యూలెక్సు. ఇందులో ఒక జాతి మురికి కాలువలలో పెరిగి బోదకాలును వ్యాపింపజేయును. మరియొక జాతి వరిమడులలో పెరిగి, పందుల నుండి మెదడువాపు జ్వరమును పిల్లలకు చేర్చును. కావున వరిమడికి దోమతో పొత్తు లేదని నేను చెప్పను. మడిని ఎల్లప్పుడు నీటితో ముంచి ఉంచక, తడి ఆరిన తరువాత మరల తడి పెట్టు పద్ధతిని అవలంబించిన యెడల నీరు ఆదా అగును. ఆ దోమలును తగ్గును.

మూడవది ఏడిస్. డెంగీని మోయునది ఇదే. నల్లని ఒంటి మీద, కాళ్ల మీద తెల్లని చారలు ఉండును. అందుచేత దీనిని పులిదోమ అనుచున్నారు. ఇది మురికినీటిని కోరదు. వరిమడిలో, చెరువులో పెరుగునది కాదు. మనము మన అవసరమునకు పట్టి ఉంచుకొన్న నీరు, లేక మన పెరటిలో వాన నింపిపోయిన నీరు దీనికి ఇల్లు. రాత్రి కంటె పగలు కుట్టును. ప్రొద్దు పొడిచిన తరువాత రెండు గంటలు, ప్రొద్దు క్రుంకుటకు ముందు కొన్ని గంటలు దీనికి ముఖ్య సమయములు. మీరు మండిలో సరకు దింపుకొని కూర్చుండు వేళ, ఇంటిలో పిల్లలు బడికి సిద్ధమగు వేళ అదే. తక్కిన వేళ మంచము క్రింద, తగిలించిన బట్టల వెనుక, చీకటి మూలలలో దాగి ఉండును.

ఈ జ్వరము మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. 1963-64 సంవత్సరములలో కలకత్తాలో చెలరేగినది. 1964లో విశాఖపట్నములో డెంగీ వంటి జ్వరములు వ్యాపించినవి. 1996లో ఢిల్లీలో పది వేల మందికి పైగా దీని వాతబడినారు. 2006లో మన పల్లెలను కుదిపి, కీళ్లు పట్టుకొనిపోయి పెద్దవారిని నెలల తరబడి మంచమున పడవేసిన చికున్‌గున్యాను మీరు మరచి ఉండరు. దానిని మోసినదియు ఏడిస్ దోమయే.

బెండ చేను చెప్పు పాఠము

బెండ పండించువారికి పల్లాకు తెగులు తెలియును. ఈనెలు పచ్చబడి, కాయలు తెల్లబడి, చేను చేనంతయు పోవును. అది వైరసు తెగులు. దానికి మందు లేదు. వైరసును మోయు తెల్లదోమను అదుపు చేయుటయు, తెగులు సోకిన మొక్కను మొదటనే పీకి వేయుటయు మన ఉపాయములు. డెంగీ కూడ అట్టిదే. అదియు వైరసు, దానిని నేరుగా చంపు మందు ఇంకను లేదు. వైరసులో నాలుగు తెగలు ఉన్నవి. ఒక తెగ వచ్చిపోయిన వానికి ఆ తెగ మరల రాదు గాని, తక్కిన మూడును రావచ్చును. రెండవమారు వేరొక తెగ వచ్చినప్పుడు అపాయము హెచ్చు. కావున “నాకు ఒకసారి వచ్చిపోయినది” అని ధీమా పనికిరాదు. 2024 ఆగస్టులో మన దేశములో తయారైన టీకా మీద మూడవ దశ పరీక్ష మొదలైనది. అది మంచిదే. టీకా వచ్చువరకు తొట్టి కడుగుట మానుదుమా?

తెగులు సోకిన మొక్కను పీకి వేయుదుము. సోకిన మనిషిని పీకి వేయలేము గదా! అతనిని పగటి పూట కూడ దోమతెరలో పరుండబెట్టవలెను. జ్వరము ఉన్న దినములలో అతనిని కుట్టిన దోమయే రోగమును ఇంటింటికి పంచును. దోమతెర అతని కొరకు మాత్రమే కాదు, వీధిలోని పిల్లలందరి కొరకు.

ఏడు దినముల లెక్క

పురుగును జయింపవలెనన్న దాని జీవిత క్రమము తెలియవలెనని మేము ఎప్పుడును చెప్పుచుందుము. ఏడిస్ ఆడదోమ ఒక్కొక్క విడతకు సుమారు 100 గ్రుడ్లు పెట్టును. అన్నిటిని ఒకే చోట పెట్టదు. నాలుగైదు పాత్రలలో పంచి పెట్టును. నీటిలో కాక, నీటిమట్టమునకు కొంచెము పైన పాత్ర గోడకు అంటించును. గ్రుడ్డు పగిలి పురుగు అగును. ఆ పురుగు నాలుగు దశలు పెరిగి, ప్యూపా అయి, దోమయై లేచిపోవును. వానాకాలపు వెచ్చదనములో దీనికంతకు 7 నుండి 10 దినములు పట్టును.

ఇందులో మనకు రెండు సంగతులు ముఖ్యము. ఒకటి, నీరు ఏడు దినముల లోపల ఒకమారు ఖాళీ అయినచో ఆ తొట్టి నుండి దోమ లేవదు. రెండు, నీరు పారబోసినంత మాత్రమున పని కాలేదు. గోడకు అంటిన గ్రుడ్లు నెలల తరబడి ఎండి ఉండి కూడ చావవు. మరల నీరు తగలగానే పగులును. విత్తనము ఎండలో ఉన్నను తొలకరికి మొలచినట్లు అనుకొనుడు. కావున పారబోసిన తరువాత కొబ్బరి పీచుతోనో, బ్రష్షుతోనో గోడలను గట్టిగా రుద్ది కడిగి, ఒక పూట ఎండబెట్టవలెను. మా అన్న ఆ తొట్టిని ఎన్నడును ఖాళీ చేయలేదని కాదు, చేసినాడు, రుద్దలేదు.

ఎక్కడ చూడవలెను

చేనిలో పురుగు ఉన్నదా అని వారమునకు ఒకమారు మొక్క మొక్క త్రిప్పి చూచునట్లే, ఇంటిని కూడ చూడవలెను. ఈ క్రింది వరుసలో చూచిన యెడల ఏదియు తప్పిపోదు.

1. ఇంటిలో: త్రాగునీటి రంజన్లు, బిందెలు, ప్లాస్టిక్ డ్రమ్ములు, సంపు, మిద్దె మీది ట్యాంకు, ఎయిర్ కూలరు అడుగు తొట్టి, ఫ్రిజ్ వెనుక నీరు చేరు పళ్లెము, పూలకుండీల క్రింది పళ్లెములు. నల్లా నీరు వేళకు వచ్చునది గనుక పట్టి ఉంచుకొనక తప్పదు. పట్టి ఉంచుట తప్పు కాదు. మూత లేక ఉంచుట తప్పు.

2. పెరటిలో: వాడని రోలు, పగిలిన కుండ, కొబ్బరి చిప్పలు, పాత బకెట్లు, త్రాగి పడవేసిన ప్లాస్టిక్ గ్లాసులు, కోళ్లకు నీరు పెట్టు మూకుళ్లు. అన్నిటి కంటె చెడ్డవి పాత టైర్లు. టైరులో చేరిన వాననీరు ఎంత వంచినను పూర్తిగా పోదు. టైర్లను కప్పు క్రింద ఉంచవలెను, లేదా రంధ్రములు పొడువవలెను, లేదా అమ్మివేయవలెను.

3. కొట్టము వద్ద: పశువుల నీటి తొట్టి, గోళెము, గాబు. పశువులు దినదినము త్రాగుచున్నవి గదా అని ఊరకుండరాదు. త్రాగగా మిగిలిన నీటిలో అడుగున పురుగు ఉండనే ఉండును.

4. పొలము వద్ద: మందు కలుపు డ్రమ్ములు, పంపుసెట్టు వద్ద తొట్టి, తెరచి పడవేసిన మందు డబ్బాలు, గడ్డివాము మీద కప్పిన టార్పాలిన్ మడతలలో నిలిచిన నీరు, దాని మీద బరువునకు పెట్టిన టైర్లు.

5. మార్కెట్టులో: సరకు మీది టార్పాలిన్లు, ఖాళీ ట్రేలు, కూరగాయలపై చల్లుటకు నీరు ఉంచు డబ్బాలు. ఇక్కడి వ్యాపారులకు నా మనవి ఏమనగా, సాయంకాలము దుకాణము కట్టునప్పుడు ఆ డబ్బాలను బోర్లించి పొండు. అర నిమిషము పని.

ఏమి చేయవలెను, ఏమి చేయరాదు

ఖాళీ చేయదగిన దానిని వారమునకు ఒకమారు ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టవలెను. ఆ నీరు వృథా కాదు. కరివేపాకు చెట్టునకో, ఆకుకూరల మడికో పారింపవచ్చును. ఖాళీ చేయలేని సంపునకు, ట్యాంకునకు దోమ దూరని బిగువైన మూత పెట్టవలెను. మూత లేని డ్రమ్మునకు పలుచని గుడ్డ కప్పి త్రాటితో కట్టిన చాలును. ట్యాంకు పొర్లుడు గొట్టమునకు సన్నని వల కట్టవలెను. వాడని బావులలో గంబూషియా చేపలను వదలవచ్చును. అవి దోమ పురుగులను తినును. అయితే వానిని చెరువులలో, వాగులలో మీ అంతట మీరు వదలరాదు. మన చేపల పిల్లలను కూడ అవి తినివేయును. పైరు మీది పురుగులకు బి.టి. మందు కొట్టుట మీలో కొందరికి తెలియును. ఆ జాతిలోనే ఇజ్రాయెల్ దేశములో 1976లో కనుగొన్న మరియొక రకము దోమ పురుగులను చంపును. దానిని గాని, తక్కిన మందులను గాని ఏ నీటిలో ఎంత వేయవలెనో ఆరోగ్య శాఖ సిబ్బంది చెప్పినట్లు వేయవలెను.

ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. చేలపై కొట్టు పురుగుమందులను ఎట్టి పరిస్థితిలోను ఇంటి నీటిలో కలుపరాదు, ఇంటిలో చల్లరాదు. మా అన్న అడిగినప్పుడు నేను ఊరిలో లేకున్నచో మందు డబ్బా తెరచి ఉండెడివాడు. ఆ తొట్టి నీరు గేదెలు త్రాగును. ఆ నీటిలోనే పిల్లలు చేతులు కడుగుకొందురు. డెంగీ తప్పించబోయి విషము కొనితెచ్చుకొనరాదు.

పొగ యంత్రము వచ్చి వీధిలో పొగ కొట్టిపోయినచో మన పని తీరినదని కొందరు తలంచుచున్నారు. పొగ ఆ పూట ఎగురుచున్న దోమలను చంపును. తొట్టిలోని పురుగునకు అది తెలియనే తెలియదు. రెండు దినములలో క్రొత్త దోమలు లేచును. చేను మీద సీతాకోక చిలుకలను తరిమి, ఆకుల క్రింది గ్రుడ్లను విడిచిపెట్టినట్లగును.

ఇది ఎక్కడనైన జరిగినదా అని మీరు అడుగవచ్చును. జరిగినది. క్యూబా దేశపు హవానా నగరములో పచ్చజ్వరము ఏండ్ల తరబడి వేలాది మందిని చంపినది. దానిని మోయునది కూడ ఈ ఏడిస్ దోమయే. 1901లో గోర్గస్ అను అమెరికా సైనిక వైద్యుడు ఇంటింటికి మనుషులను పంపి, నీటి పాత్రలకు మూతలు పెట్టించి, అక్కరలేని నీటిని పారబోయించినాడు. రోగులను దోమతెరలలో ఉంచినాడు. నేటి మందులు ఆనాడు లేవు, టీకా లేదు. ఆ సంవత్సరము ముగియకముందే అక్కడ ఆ జ్వరము అణగిపోయినది. మూతయు, చీపురును, ఇంటింటికి తిరుగు ఓపికయు చేసిన పని అది.

ఒక్క ఇంటి వలన కాదు

మీ ఇల్లు అద్దము వలె ఉన్నను ప్రక్క ఇంటి టైరులో పుట్టిన దోమ మీ పిల్లవానిని కుట్టును. సుడిదోమ గట్టును లెక్కచేయనట్లే ఇది గోడను లెక్కచేయదు. కావున ఊరంతయు ఒకే నాడు చేయవలసిన పని ఇది. మన ప్రాంతములో శుక్రవారము ‘డ్రైడే’ అని ఆరోగ్య శాఖవారు చెప్పుచున్నారు. ఆ మాట పోస్టరు మీదనే ఉండిపోరాదు. ప్రతి వాడలో పది ఇండ్లకు ఇద్దరు చొప్పున ముందుకు రావలెను. శుక్రవారము ఉదయము ఆశా కార్యకర్తతో కలిసి పది ఇండ్లు తిరిగిన గంట పట్టును. ఒకరి ఇంటిలో పురుగు కనపడినచో ఎగతాళి చేయరాదు. చేసినచో మరుసటి వారము వారు తలుపు తీయరు. బడి పిల్లలను వెంట తీసికొనిపొండు. తెల్లని గిన్నెలో కొంచెము నీరు తీసి, మెలికలు తిరుగు పురుగును ఒకమారు చూపినచో ఆ పిల్లలే ఇంటిలో పెద్దలను నిలబెట్టి అడుగుదురు. ఎవరును ఉండని ఇండ్లు, తాళము వేసిన కొట్టములు, కట్టుచు నిలిపివేసిన కట్టడములు ఎవరి లెక్కలోను ఉండవు. వానిని పంచాయతీవారు చూచుకొనవలెను.

జ్వరము వచ్చినప్పుడు

అకస్మాత్తుగా తీవ్రమైన జ్వరము, తలనొప్పి, కండ్ల వెనుక నొప్పి, కీళ్ల నొప్పులు, ఒంటి మీద ఎర్రని దద్దురు కనపడినచో డెంగీ అని అనుమానించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి రక్త పరీక్ష చేయించుకొనవలెను. మొదటి ఐదు దినములలో చేయు పరీక్ష వేరు, తరువాత చేయు పరీక్ష వేరు. కావున జ్వరము ఏనాడు మొదలైనదో సరిగా చెప్పవలెను.

జ్వరమునకు పారాసిటమాల్ తప్ప వేరొకటి వైద్యుడు చెప్పక వాడరాదు. ఆస్పిరిన్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు, సూదులు రక్తస్రావమును హెచ్చించును. మా పిల్లవానికి వేసినది అట్టిదే. ఉప్పు వేసిన గంజి, మజ్జిగ, కొబ్బరినీరు, లీటరు నీటిలో కలిపిన ఓ.ఆర్.ఎస్. పొట్లము, వీనిని తరచు త్రాగించవలెను.

ఇక అన్నిటి కంటె ముఖ్యమైన మాట. డెంగీలో అపాయము జ్వరము మండుచున్నప్పుడు కాదు, జ్వరము దిగినప్పుడు వచ్చును. మూడవ నాటి నుండి ఏడవ నాటి లోపల, జ్వరము దిగిన తరువాతి ఒకటి రెండు దినములు కనిపెట్టి ఉండవలెను. ఆ దినములలో కొందరికి రక్తనాళముల గోడలు చెమర్చి, రక్తములోని నీరు వెలుపలికి కారిపోవును. కాలువ గట్టు చెమర్చినచో చివరి మడికి నీరందదు గదా. అట్లే చేతులకు, కాళ్లకు, మూత్రపిండములకు రక్తము అందదు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని రక్తము, నల్లని విరేచనము, మగత లేక కుదురు లేకుండుట, చల్లబడిన చేతులు కాళ్లు, ఆరు గంటల సేపు మూత్రము రాకుండుట, వీనిలో ఏ ఒక్కటి కనపడినను తెల్లవారనిమ్ము అనక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. వేళకు చేర్చి సరియైన వైద్యము చేయించినచో నూటికి 99 మందికి పైగా బ్రతుకుదురు.

ప్లేట్‌లెట్ల అంకెను చూచి హడలిపోవుట ఒక వాడుక అయినది. డెంగీలో అవి తగ్గుట సహజము. చాలమందికి వానంతట అవే మరల పెరుగును. రోగి త్రాగుచున్నాడా, మూత్రము వచ్చుచున్నదా, నాడి, రక్తపోటు ఎట్లున్నవి అని వైద్యుడు కలిపి చూచును. బొప్పాయి ఆకు రసమును నమ్ముకొని ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేయరాదు.

ముగింపు

మా అన్న తొట్టికి ఇప్పుడు అడుగున తూము ఉన్నది. కొట్టపు గోడ మీద మా వాడు బొగ్గుతో శుక్రవారములు గీతలు గీయుచున్నాడు. తూము విప్పిన నీరు పెరటి బెండ మడికి పోవును. తొట్టి రుద్దు పని వానిదే, ఎవరును చెప్పనక్కరలేదు. వానిని చూచినప్పుడెల్ల నాకు, ఆ పని మూడేండ్లు ముందు చేయించి ఉన్నచో అనిపించును.

మీరు ఈ పూట ఇంటికి పోయిన తరువాత అన్నము తినుటకు ముందు ఒక్క తొట్టిలోనికి తొంగి చూడుడు. మీ నీడ పడగానే అడుగునకు దిగు పురుగు కనపడినచో, అది ఎవరి తప్పు అని విచారింపక, తూము విప్పుడు. చేనికి కావలి ఉండు మనము ఇంటికి కూడ కావలి ఉందము.